చిగురు తొడుగుల చట్టం

ఒక పెద్ద అడవిలో... పెద్ద అంటే మీరనుకునే పెద్ద కాదు. నేను వయసులో ఉన్నప్పుడు దాని తూర్పు కొసన నిలబడి ఒక్క తుమ్ము తుమ్మితే, అది పడమటి కొసకి చేరి, అక్కడివాళ్ళు "చిరంజీవ" అని, ఆ దీవెన తిరిగి నా చెవిన పడేసరికి ఆ జలుబు తగ్గి మరో జలుబు పట్టింది. అంత పెద్ద అడవి. అందులో పులి లేదు. ఒకప్పుడు ఉండేది. నేను ఒకరోజు గొంతు సవరించుకున్నానని వలస పోయింది.

పులి పోయాక ఇక రాజులు వద్దు, మహాసభ ఉండాలని జంతువులన్నీ తీర్మానించాయి. ముందు నన్నే అధ్యక్షుడిగా ఉండమన్నాయి. అప్పటికి నాలుగు అడవులు నన్ను నాలుగు పక్కలకి లాగుతున్నాయి, తీరిక లేదన్నాను. నేను వద్దన్న కుర్చీలో ఎలుగుబంటి భూషణరావు కూర్చున్నాడు.

భూషణరావు మంచివాడు. నిద్రపోతున్నంతసేపూ మంచివాడే. రోజులో ఎక్కువసేపు నిద్రపోతాడు గనకే ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. ఎవరైనా తట్టి లేపితే "ఆమోదం" అని మళ్ళీ పడుకుంటాడు.

చక్రం తిప్పేదల్లా నెమలి పీతాంబరం. ఆయన ముస్తాబు శాఖ మంత్రి. ఆ అడవిలో మేతకి శాఖ లేదు, నీళ్ళకి శాఖ లేదు, ముస్తాబుకి మాత్రం ఉంది. ఎందుకని అడగకండి. పొయ్యి వెలిగించకముందే అద్దం కొనుక్కునే ఇళ్ళు మీ వీధిలోనూ ఉన్నాయి.

పీతాంబరానికి ఏటేటా పాత పింఛం రాలిపోయి కొత్తది వస్తుంది. అది ప్రతి మగ నెమలికీ వచ్చేదే. ఈయన మాత్రం దాన్ని తన అభిరుచి వల్ల వచ్చిందని గట్టిగా నమ్మేవాడు. వానని తనే కురిపించానని కప్ప నమ్మినట్టు.

ఆ అడవిలోనే వరాలమ్మ అనే అడవిపంది ఉండేది. దేవుడిచ్చిన తోలు ఒక్కటే. రెండోది ఎరగదు. కానీ ఆ ఒక్క తోలుతో ఆవిడ చేసే సోకు చూడాలి! పొద్దున్నే మడుగు పక్క నల్లబురదలో దొర్లేది. అది సగం ఆరాక గుట్ట కింద ఎర్రమన్నులో ఒక పక్కకే పొర్లేది. వీపు మీది జూలుని చెట్టు మానుకి రాసి పైకి దువ్వుకునేది. మోదుగ చెట్టు కింద ఒక్క దొర్లు దొర్లితే పూరేకులు తడిచోటల్లా అంటుకునేవి. మధ్యాహ్నానికి బురద బీటలు వారితే ఆ బీటలే అంచు డిజైను. నిన్న చూసిన వరాలమ్మ ఇవాళ కనబడదు. తోలు మాత్రం నిన్నటిదే.

"ఎవరికోసమే ఇదంతా?" అని తోటి పందులు అడిగితే, "నా వీపు నాకు కనబడదు కదా, అయినా తయారవుతున్నానంటే అర్థం చేసుకోండి" అనేది. సోకు గురించి అంతకన్నా మంచి మాట నేను వినలేదు. నేను చాలా దర్బారులు చూశాను. కొన్ని దర్బారులు నన్ను చూడ్డానికే పెట్టారు.

ఇక ఈ కథలో వ్యాపారి. కొండముచ్చు కోటిలింగం. అతని మనుషులు, అంటే కొండముచ్చులే, కొమ్మలెక్కి లేత చిగురు దూసుకొచ్చేవాళ్ళు. గిజిగాళ్ళు దాన్ని నారతో కుట్టి తొడుగులు చేసేవాళ్ళు. కుట్టడానికి కుట్టారు గానీ వేసుకునేవాళ్ళేరీ? కొట్టు నిండా తొడుగులు పేరుకుపోయాయి. కోటిలింగం తిన్నగా పీతాంబరం దగ్గరికి వెళ్ళాడు.

"మంత్రిగారూ, మన అడవి జనానికి సిగ్గు లేదండీ."

"లేకపోతే లేదు. నాకేం నష్టం?"

"మీకు కాదు, నాకు. సిగ్గు లేనిదే బట్ట అమ్ముడుపోదు. మీరు కాస్త సిగ్గు పుట్టించాలి."

"పుట్టిస్తే?"

"రోజూ పొద్దున్నే మా కుర్రకొండముచ్చులు మీ గూటి కింద నిలబడి మీ పింఛాన్ని పొగుడుతారు. చినుకు పడినా మానరు."

పీతాంబరం మెడ ఒక పక్కకి వంచి ఆలోచించాడు. "రాగంతోనా, మాటల్లోనా?"

"రాగంతోనే చేయిద్దామండీ."

దేశాలు తాకట్టుపడడం నేను చూశాను. ఇంత చవగ్గా పడడం చూడలేదు.

మర్నాడు మహాసభ. నేను మద్దిచెట్టు మీద ఉన్నాను. దాని ఎత్తు చెబితే నమ్మరు కాబట్టి సగమే చెబుతాను: మబ్బులు నా మోకాళ్ళ దగ్గర ఆగి దారి అడిగి వెళ్ళేవి. అక్కడినుంచి అన్నీ కనబడ్డాయి, వినబడ్డాయి.

పీతాంబరం రాతిమీదికెక్కి పింఛం విప్పాడు. "సోదరులారా! ఒకే తోలుతో పుట్టి ఒకే తోలుతో చావడం అనాగరికం. పామును చూడండి, ఏటేటా కుబుసం విడుస్తుంది. దుప్పిని చూడండి, పాత కొమ్ము రాల్చి కొత్తది తొడుగుతుంది. నన్ను చూడండి!"

అందరూ చూశారు. చాలనేదాకా చూపించి, ఆయన చట్టం చదివాడు.

ఎండాకాలంలో ఆ అడవి మొత్తానికి నీళ్ళుండేది పాలమడుగు ఒక్కదాన్లోనే. ఇకనుంచి చిగురు తొడుగు వేసుకున్నవాళ్ళే ఆ మడుగు ఒడ్డున కాలు పెట్టాలి. తొడుగు వాడిపోతే అది పాతదాని కింద లెక్క, కొత్తది కొనాలి. మంత్రిగారిది సహజ నూతనం కాబట్టి ఆయనకి మినహాయింపు.

పక్కనున్నవాడు భూషణరావుని తట్టాడు. "ఆమోదం" అన్నాడు భూషణరావు.

"ఒక్క మాట మంత్రిగారూ!" వెనకనుంచి వరాలమ్మ గొంతు. "నీళ్ళు తాగేది నోటితోనా, వీపుతోనా?"

సభంతా నవ్వింది. పీతాంబరం నవ్వలేదు. "చూశారా, పాత తోలు మాట్లాడే మాటలు ఇలాగే ఉంటాయి. అమ్మా, మీకు ముస్తాబు విలువ తెలీదు."

"తెలీకపోవడమేంటండీ? ఇవాళ నా ఎడం పక్క చూడండి. నల్లదాని మీద ఎరుపు. తోడుగా మోదుగ రేకులు."

"అది మట్టి!"

"మట్టే. రేపు ఇంకో మట్టి."

"కొన్నారా?"

"కొనడమెందుకు? ఉందిగా."

"కొననిది ముస్తాబెలా అవుతుందమ్మా? అలవాటవుతుంది."

ఈ మాటకి చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు కొట్టినవాళ్ళెవరి ఒంటిమీదా అప్పటికి ఆకు కూడా లేదు. కానీ సభలో చప్పట్లు కొట్టగానే పక్కవాడి కన్నా తను నాగరికుణ్ణని ఒక నమ్మకం కలుగుతుంది. ఆ నమ్మకం కోసమే సగం మంది సభలకి వస్తారు.

సాయంత్రానికి కోటిలింగం కొట్టు ముందు తొక్కిసలాట. దాచుకున్న తేనెపట్టులు ఇచ్చి కొన్నవాళ్ళున్నారు, మేతబీడులో తమ వంతు వదులుకుని కొన్నవాళ్ళున్నారు. కుందేలు ఒక టేకాకు తొడుక్కుంటే ఆకు నడుస్తోందనుకున్నారు గానీ కుందేలు ఎవరికీ కనబడలేదు. తాబేలు ఏకంగా ఇంటికే తొడుగు వేయించింది. కణితి, అదే పెద్ద దుప్పి, కొమ్ములకి వేరే, కాళ్ళకి వేరే కుట్టించుకుని, రెండూ కలిసి పొదకి తగులుకుని, రోజంతా అక్కడే నిలబడిపోయి, "ఇక్కడ గాలి బాగుంది" అని దారిన పోయేవాళ్ళకి చెప్పింది. పెద్దవాళ్ళకి మామూలు చిగురు నామోషీ అని కోటిలింగం ఇప్పపూల జరీ మొదలుపెట్టాడు. చిగురు మీద వరసలు వరసలుగా ఇప్పపూలు కుట్టి భూషణరావుకి మొదటి తొడుగు కానుకిచ్చాడు.

లేత చిగురు ఎన్నాళ్ళుంటుంది? నాలుగెండలు తగిలితే వాడిపోతుంది. వాడితే కొత్తది. మళ్ళీ వాడితే మళ్ళీ కొత్తది. కొండముచ్చులు చెట్టు మీద చెట్టు దూసేశాయి. నేరేళ్ళు, మద్దులు, రేలలు అన్నీ ఎముకల్లా నిలబడ్డాయి. నేనెక్కిన చెట్టుకీ ఆకు లేకుండా పోయింది. నన్ను చూసి సిగ్గుపడి నా వంతు కొమ్మని మాత్రం వదిలేశారు.

ఆ చిగురే కదా అడవికి మేత! ఎండాకాలంలో గడ్డి ఉండదు. కొమ్మ చివర పుట్టే లేతాకే దుప్పికైనా, మనుబోతుకైనా ఆధారం. ఆ ఆధారమంతా అందరి వీపుల మీదికెక్కింది. కడుపుల్లో మాత్రం ఏమీ లేదు.

మనుబోతు మల్లప్ప అని ఒకడుండేవాడు. గుర్రమంత ఒళ్ళు, గొర్రెంత బుద్ధి. వాడి డొక్కలు లోపలికి పోయి తొడుగు జారిపోతుంటే కోటిలింగం వచ్చి, "వదులుగా వేసుకోవడమే ఇప్పుడు ఫ్యాషను మల్లప్పా" అన్నాడు. మల్లప్ప పొంగిపోయాడు. ఆకలిని కూడా ఫ్యాషన్ అంటే గర్వంగా మోసే జాతి అది.

ఇక మడుగు దగ్గర కాపలా ఎవరనుకున్నారు? రేచుకుక్క సింగన్న, అతని దండు. మడుగు చుట్టూ ఈగ దూరకుండా నిలబడ్డారు. వరాలమ్మ తన పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళింది.

"సింగన్నా, పక్కకి జరుగు తమ్ముడూ. పిల్లలకి దాహంగా ఉంది."

"తొడుగేదక్కా?"

"పోనీ నన్ను ఆపు. పిల్లల్ని వదులు."

"పిల్లలకీ తొడుగుండాలి."

"వాటి ఒంటిమీద పుట్టుకతో వచ్చిన చారలున్నాయి కదరా! కనబడ్డం లేదా?"

సింగన్న వంగి చూశాడు. "ఉన్నాయి. ఈ ఏటివా, పోయినేటివా?"

"పిల్లలు పుట్టిందే ఈ ఏడు!"

"ఆ సంగతి శాఖవాళ్ళు చెప్పాలి. నేను చెప్పకూడదు." గొంతు తగ్గించాడు. "అక్కా, నీ మీద నాకు కోపం లేదు. ఈ ఆకు లోపల నాకెంత ఉడుకుతోందో నీకేం తెలుసు? కానీ తొడుగు లేకుండా ఈ ఒడ్డున నిలబడ్డం నాకైనా తప్పే. చట్టం చట్టమే."

వరాలమ్మ తిరిగొచ్చింది. రాళ్ళ కింద తేమ ఉన్న దుంపలు తవ్వి పిల్లల నోట్లో పిండింది. అవీ అయిపోయాయి. పంది పిల్లకి ముట్టె తడిగా ఉంటేనే ప్రాణం ఉన్నట్టు. అన్నిటికన్నా చిన్న పిల్ల ముట్టె ఎండి పగిలింది. అరవడం మానేసి తల్లి కాలికి ఆనుకుని పడుకుంది. ఆ పొద్దు వరాలమ్మ ఎర్రమన్నులోనైనా పొర్లలేదు. జూలు దువ్వుకోలేదు.

"కొనేస్తే పోలేదా వరాలక్కా? అందరూ కొన్నారుగా" అంది దారిన పోతున్న దుప్పి, తొడుగు సవరించుకుంటూ.

వరాలమ్మ లేచి కోటిలింగం కొట్టుకి వెళ్ళింది.

"రా తల్లీ రా! చివరికి నువ్వూ నాగరికురాలివయ్యావు." కోటిలింగం తీగ తెచ్చి కొలిచాడు. తీగ చాలలేదు. ఇంకో తీగ ముడేశాడు. "నీ నడుముకి రెండు చెట్ల చిగురు పడుతుందే! గుట్ట కింద నువ్వు దుంపలు తవ్వుకునే నేలంతా నాకు వదిలెయ్."

"వదిలేశాను. కుట్టు. నేను ఒడ్డుకి చేరితే చాలు, పిల్లలకి నోటితోనైనా నీళ్ళు మోస్తాను."

కుట్టారు. వరాలమ్మ తొడుక్కుంది. నెత్తిన గిన్నె బోర్లించినట్టు, మెడలో ఎవరిదో చెయ్యి వేసినట్టు ఉంది ఆవిడకి. అయినా పిల్లల్ని ముందు పెట్టుకుని మడుగు దారి పట్టింది.

ఇక్కడే నాగరికతకి మొదటి దెబ్బ తగిలింది. పిల్లలు రెండు అడుగులు ముందుకి నడిచి వెనక్కి తిరిగి చూశాయి. ముక్కులెగరేశాయి. లేత నేరేడు చిగురు! వాటికి దాహంతో పాటు ఆకలి కూడా ఉంది కదా. ఒకటి అంచు కొరికింది. ఇంకొకటి కిందినుంచి పట్టి లాగింది. "ఏయ్, ఏయ్, అది బట్ట!" అని తల్లి గుండ్రంగా తిరిగింది. తిరిగేకొద్దీ వాటికి కొత్త చోటు దొరికింది. పగిలిన ముట్టెతో ఉన్న చిన్నది కూడా లేచి వచ్చి ఒక తునక నమిలింది.

మడుగు చేరేసరికి వరాలమ్మ మెడ చుట్టూ నారపోగు ఒక్కటే మిగిలింది.

"ఇదేంటక్కా?" అన్నాడు సింగన్న.

"తొడుగు."

"ఏదీ?"

"ఇందాకటిదాకా ఉంది."

సింగన్న అడ్డంగా తలూపాడు. వదల్లేదు. కానీ వరాలమ్మ ఈసారి బతిమాలలేదు. పిల్లల మూతుల వంక చూసింది. పచ్చగా ఉన్నాయి. మడుగు అవతల తొడుగులేసుకుని వరసకట్టిన జనాన్ని చూసింది. ఆవిడ పొట్ట కదిలింది. పంది నవ్వితే ముందు పొట్ట కదులుతుంది, ఆ తర్వాతే మొహం.

ఆ సాయంత్రం మడుగు పక్క మైదానంలో ముస్తాబు మహోత్సవం. అడవి అడవంతా వచ్చింది. అసలు కొత్త తొడుగు లేనివాళ్ళు రావాలంటే భయపడతారు, ఉన్నవాళ్ళు రాకపోతే బతకలేరు. వేదిక మీద భూషణరావు ఇప్పపూల జరీలో నిద్రపోతున్నాడు. పీతాంబరం పింఛం విప్పి ఉపన్యాసం మొదలుపెట్టాడు. వరాలమ్మకి లోపలికి పిలుపు లేదు. అందరికన్నా వెనక, మల్లప్ప పక్కన పిల్లలతో నిలబడింది.

"మల్లప్పా, తిని ఎన్నాళ్ళయింది?"

"ఆ మాట ఎత్తకక్కా. తిండి మాట ఎత్తితే ముస్తాబు కళ తప్పుతుందన్నారు మంత్రిగారు."

"సరేలే, ముస్తాబు మాటే ఎత్తుతాను. నీ ముందున్న దుప్పి భుజం మీద ఏముంది?"

"తొడుగు."

"ఏ చెట్టుది?"

మల్లప్ప మెడ చాచి చూశాడు. "నేరేడు."

"లేతదా, ముదురుదా?"

మల్లప్ప నోట్లో నీళ్ళూరాయి. ఆ ఎండాకాలం ఆ అడవిలో ఊరిన నీళ్ళు అవొక్కటే.

"క్షమించండి" అని దుప్పి భుజం మీంచి ఒక ముక్క కొరికాడు.

"ఏమండీ! ఏంటది?" దుప్పి గిర్రున తిరిగింది.

"పోగు తేలిందండీ. సరిచేస్తున్నాను."

"అలాగా" అని దుప్పి మళ్ళీ వేదిక వైపు తిరిగింది. కానీ మల్లప్ప నమిలే చప్పుడు దాని చెవిలో పడింది. వాసన ముక్కులో పడింది. తన ముందున్న కణితి వీపు ఇంతకుముందెప్పుడూ అంత దగ్గరగా కనబడలేదు. "మీక్కూడా పోగు తేలినట్టుందండీ" అంది.

అంతే! పోగులు తేలడం మొదలైంది. వెనక వరసనుంచి ముందు వరసకి, ముందు వరసనుంచి పక్క వరసకి. మొదట మర్యాదగా, తర్వాత మర్యాద లేకుండా. కుందేళ్ళు పెద్దల కాళ్ళ మధ్య దూరి కిందినుంచి తినేశాయి. తాబేలు తల లోపలికి లాక్కుంటే మేకపోతు ఒకటి ఎక్కి కూర్చుని ఇంటి కప్పంతా తినేసింది. ఎవరి తొడుగు ఎవరు తింటున్నారో తెలీదు. తన తొడుగు పోతోందని ఏడుస్తూనే పక్కవాడిది నములుతున్నారు.

ఆ కలకలం పీతాంబరం చెవికి చప్పట్లలా వినిపించింది. ఆయనకి ఏదైనా అలాగే వినిపిస్తుంది. గొంతు పెంచాడు. "సోదరులారా! ఈ తొడుగు మనల్ని ఒకరికొకరిని దగ్గర చేసింది!"

నిజమే. చాలా దగ్గర చేసింది.

అప్పుడు భూషణరావు నిద్రలేచాడు. ఎవరూ తట్టలేదు. ఇప్పపూల వాసన తట్టింది. ఎలుగుబంటికి ఇప్పపువ్వంటే ఎంత ప్రాణమో అడవిలో పుట్టినవాడు ఎవడైనా చెబుతాడు. ఆయన ఇటు చూశాడు, అటు చూశాడు, తన పొట్ట వంక చూసుకున్నాడు. వేదిక మీద, అందరూ చూస్తుండగా, తన తొడుగు తానే తినడం మొదలుపెట్టాడు. ఛాతీ నుంచి కిందికి, నింపాదిగా, వేళ్ళు నాక్కుంటూ.

"అధ్యక్షా! ఏం చేస్తున్నారు?" అరిచాడు పీతాంబరం.

"ఆమోదం" అన్నాడు భూషణరావు నోటి నిండా పూలతో.

అధ్యక్షుడే తింటుంటే ఇక అడ్డేముంది? జనం వేదిక మీదికి ఎగబడ్డారు. మల్లప్ప అందరికన్నా ముందు ఎక్కాడు. వాడి గిట్ట పీతాంబరం పింఛం మీద పడింది. పీతాంబరం ఒక్క గెంతు గెంతాడు. ఆయన పొదలో పడ్డాడు, పింఛం గిట్ట కింద ఉండిపోయింది. కోటిలింగం చెట్టెక్కి పోబోతే దాక్కోవడానికి కొమ్మకి ఆకు లేదు.

"కాపలా! కాపలా!" అని ఎవరో కేకేశారు. సింగన్న దండు పరుగున వచ్చి జనాన్ని తోసింది. తోసినంతసేపూ జనం వాళ్ళ తొడుగులు తిన్నారు. సింగన్న మళ్ళీ ఒడ్డు మీదికి చేరేసరికి ఒంటిమీద పోగు లేదు.

తనని తాను చూసుకున్నాడు. నిటారుగా నిలబడ్డాడు. "తొడుగు లేనివాడు ఒడ్డున ఉండకూడదు!" అని గద్దించాడు. ఎవరినో కాదు, తననే. "చెబితే వినబడదూ? నడు అవతలికి!"

నడిచాడు. అతని వెనక దండంతా ఒకరినొకరు గద్దించుకుంటూ, ఒకరినొకరు తరుముకుంటూ గుట్టెక్కి పోయారు. నిజాయితీగల ఉద్యోగుల్ని నేను నా జీవితంలో చాలామందిని చూశాను. వాళ్ళ వల్ల ఎవరికైనా మేలు జరగడం మాత్రం అదొక్కసారే చూశాను.

వరాలమ్మ ఖాళీ ఒడ్డు వంక చూసింది. "పదండర్రా" అంది. చిన్నదాన్ని ముట్టెతో నెడుతూ నీళ్ళలోకి దింపింది. అది మొదట తాగలేదు. ముట్టె ముంచి ఊరుకుంది. తర్వాత తుమ్మింది. తర్వాత తాగింది. పొట్ట గుండ్రాయిలా అయ్యేదాకా తాగింది. అది తాగాక తల్లి తాగింది. ఆ వెనక అడవంతా సిగ్గూ శరం లేకుండా దిగబడి తాగింది.

ఇంతటితో బుద్ధొచ్చిందనుకున్నారా? మీరు మంచివాళ్ళు. సభల సంగతి తెలీదు.

మర్నాడు విచారణ. పీతాంబరం బండరాయికి వెనకభాగం ఆనించి కూర్చుని మాట్లాడాడు. లేవలేదు. లేచే పరిస్థితిలో లేడు.

"సోదరులారా! నిన్న ఈ అడవిని కరువు నుంచి కాపాడింది ఎవరు?"

తనే జవాబు చెప్పాడు.

"ముస్తాబు శాఖ! తొడుగులే లేకపోతే నిన్న మీరంతా ఏం తినేవాళ్ళు?"

జనం మొహమొహాలు చూసుకున్నారు. "నిజమే సుమా! లేకపోతే చచ్చేవాళ్ళం" అన్నాడు మల్లప్ప. వాడి కంట్లో నీళ్ళు కూడా తిరిగాయి. చెట్లమీదున్న మేతని దూసి, వీపులకి కట్టి, అందులో పాతికో వంతు కూడా తిరిగి పెట్టకుండానే కోటిలింగం అన్నం పెట్టాడనిపించుకున్నాడు. దొంగకి దీపం పట్టి, దీపం బాగా పట్టుకున్నావని దొంగ మెచ్చుకుంటే మురిసిపోయే జాతి ఇది! కోటిలింగానికి అక్కడికక్కడే 'అన్నదాత' బిరుదు ఇచ్చారు. భూషణరావు ఆమోదించాడు. ఇప్పపూల మత్తు ఇంకా దిగలేదు, రెండుసార్లు ఆమోదించాడు.

"కానీ" అన్నాడు పీతాంబరం, గొంతు మార్చి. "అందరూ తమ ఒంటిమీది బట్ట పక్కవాడి నోటికి పెట్టిన ఆ పుణ్యవేళ, ఒక్కరు మాత్రం ఎవరికీ ఒక్క ఆకు కూడా పెట్టలేదు. ఆమె ఒంటిమీద ఆకే లేదు!"

అందరూ వరాలమ్మ వైపు తిరిగారు.

"నా తొడుగు దారిలోనే నా పిల్లలు తిన్నారండీ" అంది వరాలమ్మ.

"విన్నారా! సొంత పిల్లలకే పెట్టుకుంది! ఇంతకన్నా స్వార్థం ఉందా?"

"లేదు, లేదు" అన్నారు జనం. మొన్న తేనెపట్టులిచ్చి, మేతబీడులిచ్చి నిలువునా మోసపోయినవాళ్ళే అన్నారు. మోసపోయినవాడికి మోసగాడి మీద కన్నా మోసపోనివాడి మీదే మంట ఎక్కువ.

పీతాంబరం శిక్ష చదివాడు. పాలమడుగుకి రెండు ఒడ్లు. ఇసక ఒడ్డు నాగరికులది. అవతలి బురద ఒడ్డు ఇకనుంచి ఒడ్డు కిందే లెక్క కాదు. వరాలమ్మ, ఆవిడ సంతానం బతికున్నంతకాలం ఆ బురదలోనే పడి ఉండాలి. ఏ సభకీ, ఏ ఉత్సవానికీ వాళ్ళని పిలవకూడదు. ఇసక ఒడ్డున మాత్రం చట్టం మామూలే. కొత్త చిగురు తొడుగు లేనిదే నీళ్ళు లేవు.

సింగన్న సందేహంగా ముందుకొచ్చాడు. "బురద పక్క కాపలా ఎవర్ని వెయ్యమంటారండీ?"

"ఒడ్డే కానిచోట కాపలా ఎందుకయ్యా?"

వరాలమ్మ చటుక్కున తల దించుకుంది. పొట్ట కదులుతోంది, ఎవరి కంటా పడకూడదు. "ఇంత శిక్షా మంత్రిగారూ! ఏ ఉత్సవానికీ పిలవరా?"

"పిలవం."

"ఉపన్యాసాలక్కూడానా?"

"వేటికీ పిలవం!"

"ఖర్మ" అని ముట్టె నేలకి రాసుకుంటూ వెళ్ళింది. ఆ నటన చూసి నేను కొమ్మ మీద లేచి నిలబడి ఈలవేశాను. ఆ ఈలకి పక్క జిల్లాలో ఒక రైలు ఆగిందని తర్వాత తెలిసింది.

మర్నాటి ఎండలో చూడాలి ఆ మడుగుని. బురద ఒడ్డున వరాలమ్మ నిండా నీళ్ళు తాగి, నల్లబురదలో మెడ ఒక్కటే ఆన్చి, ఇంతకుముందెప్పుడూ వెయ్యని కొత్త ఎత్తు వేసింది: వీపంతా వదిలేసి మెడకి మాత్రమే బురద. పిల్లలు నీళ్ళు చిమ్ముకుంటున్నాయి. చిన్నదాని ముట్టె నిగనిగలాడుతోంది.

ఇసక ఒడ్డున అడవి అడవంతా వరసకట్టి నిలబడింది. చెట్లకి ఆకు లేదు కాబట్టి కోటిలింగం దగ్గర సరుకు లేదు. "రేపు వస్తుంది, రేపు వస్తుంది" అంటున్నాడు, తనూ నాలుక వేలాడేసుకునే. భూషణరావు వరసలోనే నిద్రపోతున్నాడు. పింఛం లేని పీతాంబరానికి మినహాయింపు చెల్లదని సింగన్న, తనూ ఒడ్డుకి దూరంగా నిలబడి, మర్యాదగా చెప్పాడు. నీళ్ళు కళ్ళెదురుగా ఉన్నాయి. ఒక్కడూ దిగడు. ముందు దిగినవాడు అనాగరికుడవుతాడని అందరికీ భయం.

చివరికి మల్లప్ప ఆగలేకపోయాడు. మడుగు మీదుగా కేకేశాడు.

"వరాలక్కా! మేమూ నీ పక్కకి రావచ్చా?"

"మీకు శిక్ష పడిందా?"

"లేదక్కా."

"మరెలా వస్తారు తమ్ముడూ? అది చట్టానికి విరుద్ధం" అంది వరాలమ్మ, ఇంకో పక్కకి దొర్లుతూ. "ముందు ఏదైనా నేరం చేసి రండి."

నీతి: పదిమంది మెప్పు కావాలంటే కొత్త బట్ట కొనండి, దాహం తీరాలంటే ఆ పదిమంది మిమ్మల్ని పిలవడం మానేసేలా చూసుకోండి.